ఒక సూత్ వంకర

“క్యోం జీ, టైర్ ఖాతే హో క్యా?”

టైర్లు తింటున్నావా ఏమిటని సత్తిరాజుని రాయపూర్ కచేరీలో పర్మిట్లు రాసే గుమాస్తా అడిగిన మాట ఇది. 1944 వేసవి. యుద్ధం ధర్మమా అని రబ్బరంతా సైన్యానికి పోతోంది. మామూలు జనానికి టైరు దొరకాలంటే ముందు కాగితం దొరకాలి. సత్తిరాజు రెండు నెలల కిందటే ఒక జత తీసుకున్నాడు. అది అప్పుడే అరిగి లోపలి గుడ్డ తేలిపోయింది. గుమాస్తా నవ్వడం అయ్యాక ఇంకో జతకి రాసిచ్చి, మళ్ళీ ఏడాది దాకా ఇటు కనబడొద్దన్నాడు.

సత్తిరాజుకి నవ్వు రాలేదు. బొబ్బిలి నుంచి వచ్చి ముప్పై ఏళ్లు రాయపూర్ చిన్న రైలు షెడ్డులో ఫిట్టరు పని చేశాడు. రిటైరయ్యాక చేతికొచ్చిన ఫండు డబ్బంతా ఒక పాత కారులో పోశాడు. కోర్టు కక్షిదారుల్నీ పెళ్ళివాళ్ళనీ రైలు పోని ఊళ్ళకి తిప్పి బతకాలని ఆలోచన. ఈ జత కూడా రెండు నెలల్లో అరిగితే కారు ఇటికల మీద నిలబడుతుంది, ఫండు డబ్బుతో సహా.

గ్యారేజీవాడు చూసి ముందు చక్రాల వరస తప్పిందన్నాడు. సరిచేసే యంత్రం నాగపూర్‌లో ఉందిట. రానూపోనూ మూడువందల యాభై మైళ్లు. టైరు దక్కించుకోవడానికి టైరు అరగదీసుకోవడమేమిటో సత్తిరాజుకి బోధపడలేదు. చక్రాల కొలత తనకి ఇంకొకడు నేర్పేదేమిటని ఇంటికొచ్చేశాడు.

షెడ్డులో ఆ పని తేలిక. రెండు చక్రాల మధ్య దూరం ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి కొలవాలి. రెండూ ఒకటైతే ఇరుసు తిన్నగా ఉన్నట్టు, లేకపోతే వంగినట్టు. అదే పని పెరట్లో మొదలెట్టాడు. జాకీ మీద ముందు చక్రాల్ని ఒక్కొక్కటిగా లేపి, టైరు చుట్టూ తాంబూలం సున్నం పూసి, చక్రం తిప్పుతూ ఇటికకి ఆనించిన మేకుతో సన్నటి గీత గీశాడు. చక్రాలు దింపి గీతకీ గీతకీ మధ్య వెదురుబద్ద పెట్టాడు. అవతలి కొస పట్టుకున్నది ఆయన భార్య తాయారమ్మ. ముందువైపు ఆరు సూత్‌లు ఎక్కువ. సూత్ అంటే షెడ్డు భాషలో అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ రెండు చక్రాలూ మొహమొహాలు చూసుకోని తోడికోడళ్లలా బయటికి తిరిగి ఉన్నాయి. కారు కింద దూరి, వాటిని కలిపే అడ్డ కడ్డీ మర తిప్పి, రెండు కొలతలూ ఒకటి చేశాడు.

“వెంట్రుకవాసి తేడా లేదు” అన్నాడు బయటికొచ్చి.

“నా సున్నం డబ్బాలో వెంట్రుకవాసి సున్నమూ లేదు” అంది తాయారమ్మ.

మూడు వారాలు తిరిగాక చూస్తే అరుగుదల తగ్గింది గాని పోలేదు. టైరు మీద అరచెయ్యి లోపలినుంచి బయటికి రాస్తే నున్నగా ఉంది, బయటినుంచి లోపలికి రాస్తే రంపంలా గీరుకుంటోంది. రబ్బరు ఇంకా పక్కకే ఈడ్చుకుపోతోందన్నమాట. మళ్ళీ కొలిచాడు. రెండూ సమానమే. టైరు పోతుందన్న బెంగ కంటే ఎందుకు పోతోందో తెలియని దురద ఎక్కువైపోయింది. అన్నం ముందు కూర్చుని కంచం అంచు తడమసాగాడు.

“ఏటండీ, కంచానికీ కొలతలేనా?”

“తిన్నగా ఉన్న చక్రం ఎందుకరుగుతాదే?”

“మీరు నిలబెట్టి కొలుస్తన్నారు. అరిగేది నడిచినప్పుడు కదా.”

“అయితే పరిగెత్తే కారు ముందు బద్ద పట్టుకుని వెనక్కి నడుస్తావా?”

“నేనెందుకు నడుస్తాను? ముప్పై ఏళ్లు జీతం తిన్నది మీరు.”

సత్తిరాజు చెయ్యి కడుక్కుని పక్కింటి మల్లేశ్వరరావుని పిలిచాడు. అతను స్టేషన్లో పార్సిలు గుమాస్తా.

“ఇంజనుంటే తొయ్యడమెందుకు మావా?”

“ఇంజను మీద నడిస్తే చక్రం ఎక్కడాగాలో అక్కడాగదు. మాటలాపి తొయ్యి.”

కారుని పది అడుగులు ముందుకి తోసి, బ్రేకు వెయ్యకుండా ఆగనిచ్చి కొలిచారు. ముందువైపు ఒక సూత్ ఎక్కువ. పది అడుగులు వెనక్కి లాగి కొలిచారు. ఒక సూత్ తక్కువ. మూడుసార్లు చేసి చూసినా అంతే.

“నీ కారుకి నిలకడ లేదు మావా” అన్నాడు మల్లేశ్వరరావు చెమట తుడుచుకుంటూ.

నిజంగానే లేదు. రైల్లో రెండు చక్రాలూ ఇరుసూ కలిసి ఒకే ముద్ద. ఆగినా నడిచినా అదే కొలత. కారులో ప్రతి కీలూ కాస్త వదులు. నేల పట్టి లాగితే ఆ వదులంతా ఒకవైపు చేరి చక్రాలు ముందువైపు విచ్చుకుంటాయి. నడిచేటప్పుడు తిన్నగా ఉండాలంటే నిలబడ్డప్పుడు ఒక సూత్ లోపలికి చూస్తూ ఉండాలి. అనుభవానికి దండం పెట్టేవాళ్ళకి ఇది రుచించదు గాని, మూడు వారాల రబ్బరు తిన్నది ఆయన అనుభవమే. రైలు చక్రం ఎన్నడూ చూడనివాడైతే సమానమే సరైనదని అంత ధీమాగా ఉండేవాడు కాదు.

తెలిశాక కూడా చెయ్యి ఒప్పుకోలేదు. షెడ్డులో ఒక సూత్ తేడా కనబడితే ఇరుసు మీద సుద్దతో అడ్డంగా గీకి పక్కకి తోయించిన చెయ్యి అది. ఇప్పుడు అదే చెయ్యి కావాలని వంకర పెట్టాలి. పానా పట్టుకుని కారు కింద కదలకుండా పడుకున్నాడు.

“నిద్రపోయారేటి?” అంది తాయారమ్మ వంగి చూసి.

“తప్పు పని చేస్తన్నానే.”

“చేసి చూడండి. నచ్చకపోతే మళ్ళీ తిన్నగా చేద్దురు.”

తిప్పాడు. మళ్ళీ తోయించి కొలిస్తే ఈసారి రెండూ సమానం. టాటీబంధ్ రోడ్డు మీద వారం రోజులు తిప్పి, దిగి అరచెయ్యి రాశాడు, ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. ఎటు రాసినా నున్నగానే ఉంది. ఇంకోసారి రాసి చూసుకున్నాడు.

ఆ జత పదమూడు నెలలు నడిచింది. ఈలోపల కారున్న పెద్దమనుషులు ఒక్కొక్కరే పెరట్లోకి రావడం మొదలెట్టారు. వాళ్ళు పెట్టిన పేరు ‘వంకర మిస్త్రీ’. చక్రాలు తిన్నగా చేయించుకోవడానికి వచ్చి ఆ పేరుతో పిలుస్తున్నామన్న సంగతి వాళ్ళకి తట్టలేదు, సత్తిరాజూ గుర్తుచెయ్యలేదు. రేటు రెండు రూపాయలు. 1952లో ఆయన పోయేదాకా అదే రేటు. సదర్ బజారు వకీలొకాయన రెండు కార్లకి నాలుగు రూపాయలు ఇంకా ఇవ్వాలి.