కొనేవాడి దగ్గర డబ్బుందా?

ఆయన కట్టుడు పళ్లు చేసేవాడు. డాక్టర్లు పంపిన అచ్చులు పట్టుకుని మైనంతో చిగుళ్లు దిద్ది, పళ్లు అమర్చి, చాలామంది ముసలివాళ్లకు నవ్వు తిరిగి తెచ్చిపెట్టాడు. వీధిలో అందరికీ ఆయన పళ్లాయనే. మనిషి మహా మొహమాటస్థుడు. రావాల్సిన బాకీ అడగడానికి బయల్దేరి, గుమ్మం దాకా వెళ్లి, "ఊరికే ఇలా వచ్చాను" అని తిరిగొచ్చే రకం.

ఉండేది మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. భార్య మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరిగాక, ఆపరేషనైతే అయింది గానీ ఆమె మళ్లీ వీధిలో అడుగు పెట్టలేదు. కూరల బండి వస్తే బుట్టకు తాడు కట్టి కిటికీలోంచి దించేది. "ఈ బుట్టపాటి భాగ్యం నాకు లేదు" అని నవ్వేది. ఆ నవ్వు వినలేక ఆయన పక్కగదిలోకి వెళ్లిపోయేవాడు.

రెండు వీధుల అవతల మెట్లు లేని చిన్న ఇల్లు అమ్మకానికి వచ్చిందని తెలియగానే, ఉన్న పొదుపంతా తీసి అడ్వాన్సు ఇచ్చేశాడు. మిగతాది తమ ఫ్లాటు అమ్మి కట్టాలి. గడువు దాటితే అడ్వాన్సు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఫ్లాటు చూడ్డానికి చాలామందే వచ్చారు. ఒకాయన ధరైనా అడక్కుండా బాత్రూము వాడుకుని వెళ్లిపోయాడు. ఒక నర్సు చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చి, "లోను ఎంత ఇస్తారో బ్యాంకులో ముందే కనుక్కున్నానండీ. ఇంతకుమించి నావల్ల కాదు" అని ఉన్న మాట చెప్పింది. అనుకున్నదానికి అది తక్కువే. ఆలోచించి చెప్తానన్నాడు.

మర్నాడే కార్ల షోరూము మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, గదంతా అత్తరు వాసన. "మీరు చెప్పిన రేటే ఖాయం మాస్టారూ. బేరాలాడటం నా ఒంట్లో లేదు" అంటూ టేపు తీసి కిటికీ కర్టెన్లకు కొలతలు కూడా తీసుకున్నాడు. పళ్లాయన పొంగిపోయి, ఇల్లు అయిపోయిందని నర్సుకు ఫోన్ చేసి చెప్పేశాడు.

ఆ తరవాత మొదలైంది అసలు బాధ. ఎప్పుడు ఫోన్ చేసినా మేనేజరుది ఒకటే మాట: "ఆ పని మీదే ఉన్నా మాస్టారూ."

"అసలాయన దగ్గర డబ్బుందా?" అంది భార్య.

"మొహం మీద ఎలా అడుగుతామే?"

అడగలేదు. అన్నం సయించడం మానేసింది. ఫోన్ మోగితే గుండె జారేది, మోగకపోతే ఇంకా జారేది. ధ్యాస చెదిరి, ఒకరి కొలతకు ఇంకొకరి పళ్లు అమర్చి పంపి డాక్టరుతో చీవాట్లు తిన్నాడు.

అలా ఉండగా, కొత్త ఇల్లు అమ్ముతున్న పెద్దావిడ నేరుగా ఆయన పనిచేసే గదికే వచ్చింది.

"మీ ఫ్లాటు కొనేవాడి దగ్గర డబ్బుందా బాబూ?"

"చాలా మంచివాడండీ."

"మంచితనం సంగతి అడగలేదు. సొంత డబ్బా, లోనా? లోనైతే బ్యాంకు ఒప్పుకుందా? ముందుగా కట్టాల్సింది చేతిలో ఉందా?"

"కనుక్కోలేదండీ" అన్నాడు పళ్లాయన. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కానీ ఆవిడ అడిగిన తీరు చూస్తే, వానొస్తుందా అని అడిగినట్టే ఉంది. అందులో తప్పుపట్టాల్సిందేమీ ఆయనకు కనబడలేదు.

ఆ మధ్యాహ్నమే షోరూముకు వెళ్లాడు. దారంతా మాటలు వల్లెవేసుకున్నాడు. ఎలాగో అడిగేశాడు.

మేనేజరు మొహం మాడ్చుకున్నాడు. "నన్ను అనుమానిస్తున్నారా?"

"అనుమానం కాదండీ. మా ఆవిడ ఆ మెట్లు దిగాలి."

మేనేజరు కాసేపు బల్ల మీది కారు బొమ్మను అటూ ఇటూ జరిపాడు. చివరికి గొంతు తగ్గించి, "నా ఇల్లు అమ్ముడైతేగానీ మీకు ఇవ్వలేను మాస్టారూ. కొంటానన్నాయన రోజూ రేపంటున్నాడు. నేనూ గట్టిగా అడగలేకపోతున్నా" అన్నాడు.

పళ్లాయనకు కోపం రావాల్సింది. రాలేదు. బయటికొచ్చి గోడకానుకుని నర్సుకు ఫోన్ చేశాడు.

"అయిపోయిందన్నారు కదండీ. మేం ఇంకో ఇల్లు చూసుకున్నాం. ఎల్లుండి అడ్వాన్సు ఇస్తున్నాం."

"తప్పు నాదేనమ్మా. మీరు చెప్పిన ధరకే ఇస్తాను."

చెల్లెల్ని అడిగి చెప్తానంది. సాయంత్రం దాకా ఆయన ఫోన్ చేతిలోంచి దించలేదు. చివరికి ఆమె సరేనంది. ఈసారి మాత్రం మొహమాటాన్ని దిగమింగి అడిగాడు: "ఏమీ అనుకోకమ్మా, బ్యాంకు వాళ్లిచ్చిన కాగితం చూపిస్తావా?"

"తెస్తానండీ. మీ ఇంటి కాగితాలు నేనూ చూడాలిగా" అంది ఆమె, మామూలుగానే.

బ్యాంకు తరఫున వచ్చిన మనిషి బాత్రూము గోడ చెమ్మ దగ్గర ఆగి, వేలితో తట్టి, పెదవి విరిచాడు. లోను వస్తుందన్న కబురు వచ్చేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. పెద్దావిడ సణుగుతూనే గడువు పెంచింది. తక్కువ పడ్డదానికి ఆయన అప్పు చేశాడు.

కొత్త ఇంట్లో చేరాక ఒక పొద్దున్న మేనేజరు ఫోన్ చేశాడు. గొంతులో ఎక్కడలేని హుషారు. "నా ఇల్లు అమ్ముడైంది మాస్టారూ, డబ్బు చేతికొచ్చింది. మీది ఇంకా ఉందా?"

లేదనడానికి పళ్లాయనకు నోరు రాలేదు. భార్య చేతికర్రతో గుమ్మం దాటి, వీధిలో కూరల బండి దగ్గర వంకాయలు ఏరుతోంది. ఆమెనే చూస్తూ, "మా పక్క వీధిలో ఒకటుందండీ. కనుక్కుని చెప్పనా?" అన్నాడు.