తుమ్మకుండా బోధన్‌కు

చలికాలంలో బోధన్‌కు పోవాలనుకునే నాలాంటి ముక్కు రోగులారా, మంచులో పొద్దున్నే బయల్దేరకండి. నాకు మాత్రం తప్పలేదు. మా తమ్ముడు రవికి అక్కడ పిల్ల కుదిరింది, సంబంధం ఖాయం చేసుకునే పూలు పండ్లు పెట్టుకున్నారు. పిల్లకు బొట్టు పెట్టాల్సింది ఆడబిడ్డ. ఉన్న ఒక్కగానొక్క ఆడబిడ్డను నేను. దీపావళి పోయిందంటే శివరాత్రి దాకా నా ముక్కు నా మాట వినదు. వాడి కిందటి సంబంధం నా తుమ్ముతోనే చెడిందని మా అవ్వకు, అదే మా అమ్మకు, గట్టి నమ్మకం.

"బొట్టు పెట్టేదాక ముక్కు బిగవట్టుకో బిడ్డా. తుమ్మినవంటే గీ సంబంధం గూడ పాయె!" అంది నిజామాబాద్ బస్టాండులో.

ఎనిమిదింటి బస్సు. డాక్టరు రాసిచ్చిన మాత్ర రాత్రే వేసుకున్నాను, ఉప్పునీళ్లతో ముక్కు కడిగాను, మాస్కు మీద చున్నీ చుట్టాను. ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టిచ్చాడు. కిటికీ మూసుకుని దర్జాగా కూర్చున్నానా, ముందు సీటాయన కాళ్ల దగ్గర పసుపు కొమ్ముల సంచి! ఎడపల్లి రాకముందే మొదలైంది. పక్కన బుర్ఖాలో ఒక పెద్దావిడ, బోధన్‌లో గాజుల దుకాణమట, నేను తుమ్మినప్పుడల్లా దువా చేసింది.

"తుమ్మితే మేము అల్లాకు షుకర్ చెప్తం బేటీ. నువ్వేంది, ఏడుపు మొఖం పెట్టినవ్?"

"జర మా అవ్వకు చెప్పు ఖాలా," అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. వెనక సీట్లోంచి అవ్వ ఉరిమి చూసింది.

బోధన్‌లో దిగి అల్లం చాయ్ తాగాక ముక్కు కాస్త దారికొచ్చింది. పదింటికి పిల్ల ఇల్లు. ఉప్మా, జిలేబీ పెట్టారు. గడపలోనే అవ్వ నా మాస్కు లాగేసింది.

"ఫొటోలల్ల దొంగ లెక్క కనవడ్తవ్, తియ్యి!"

పిల్ల లావణ్య పీట మీద కూర్చుంది, ఎదురుగా రవి. కుంకుమ పళ్లెం చేతిలోకి తీసుకోగానే ముక్కులో చీమలు పాకాయి. ఊపిరి బిగబట్టాను. కళ్ల వెంట బొటబొటా నీళ్లు.

"ఆడబిడ్డకు ఎంత ప్రేమనో, సూడుండ్రి!" అందొకామె.

నా వేలు లావణ్య నుదుటికి తగిలిందో లేదో, ఆ పిల్లే తుమ్మింది!

వాళ్లమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. మా దిక్కు ఒక్క తుమ్మయితే పని ఆపేస్తారు, వెంటనే రెండోది పడితే దోషం పోయినట్టే. లావణ్య బిత్తరపోయి నా వైపు చూసింది. అయ్యో తల్లీ, అనుకుని బిగబట్టిన ఊపిరి వదిలేశాను. ఆ తుమ్ముకు పళ్లెంలో కుంకుమంతా రవి తెల్ల చొక్కా మీద పడింది.

"జంట తుమ్మురా! ఇగ ఢోకా లేదు!" అని వాళ్ల తాత తొడ చరిచాడు. అందరూ ఒకటే నవ్వు.

"చలికాలమంత నాకు గూడ గిదే బాధ వదినా," లావణ్య చెవిలో చెప్పింది. "తుమ్మితే సంబంధం పోతదని అమ్మ పొద్దుగాల సంది ఒకటే బెదిరిచ్చుడు."

దాన్ని అక్కడే వాటేసుకున్నాను.

నాలుగింటి బస్సుకు తిరుగు ప్రయాణం. ఇన్నేళ్ల చలికాలాల్లో ఇంత సంబరంగా నేనెప్పుడూ ఇల్లు చేరలేదు. పొద్దున వెనక సీటు వెతుక్కున్న అవ్వ ఇప్పుడు నా పక్కనే కూర్చుంది. ఊరు దగ్గరపడుతుండగా గొంతు తగ్గించి అంది.

"లగ్గం మాఘంలనే పెట్టిండ్రు. నువ్వు పిల్ల పక్కకెంచి కదలకు. అది తుమ్మంగనే నువ్వు తుమ్మాలె, సమజైందా?"