పెద్దమ్మ శాంపిల్ తీసేశాక

దెయ్యం, గాలి, ధూళి అని ఎవరైనా నోరెత్తితే వాళ్లతో పోట్లాటకి దిగే రకం నేను. నర్సీపట్నంలో మా వీధివాళ్లని ఎవరినడిగినా చెప్తారు. అలాంటిది ఇప్పుడు నేనే ఇది రాయాల్సి వచ్చింది, ఖర్మ.

మా పెద్దమ్మది కోటవురట్ల దగ్గర పల్లె. జీడితోట ఉండేది. ఒకసారి ఒక పెళ్లికి బొట్టుపెట్టి మరీ పిలిచి, ఎవరో పెద్దమనుషులొచ్చారని ఈవిడ్ని పంక్తిలోంచి లేపేశారట. అంతే, ఆ ఇంటివాళ్లతో బతికినన్నాళ్లూ మాట్లాడలేదు. ఆ ఇంటి పెద్దాయన పోయినా గుమ్మం తొక్కలేదు. పగ పడితే అలా ఉండేది మా పెద్దమ్మ.

నడుము నొప్పని ఏళ్ల తరబడి మాత్రలు మింగింది. చివరికి విశాఖలో స్కాన్ తీస్తే కిడ్నీ క్యాన్సర్. అప్పటికే ముదిరిపోయింది.

నేను పనిచేసేది సరిగ్గా ఆ జబ్బు మీదే. విశాఖలోని ఒక ల్యాబ్‌కి ఇంటి నుంచే కంప్యూటర్ పని చేస్తాను. ఒంట్లో ఏ జీన్ ఎంత జోరుగా పనిచేస్తోందో రక్తంలో కొలుస్తారు. జోరు ఎక్కువైతే ఎరుపు, తక్కువైతే నీలం. ఒక్కో మనిషికీ తెర మీద ఒక్కో రంగుల గీత. క్యాన్సర్ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ తేడా చూపించే జీన్లు దొరికితే, రేపు ఒక్క రక్తపరీక్షతో జబ్బు ముందే పట్టేయొచ్చు.

పెద్దమ్మ కూడా రక్తం ఇచ్చింది. మా ల్యాబ్ పెద్ద, సార్ అంటాం, ఆయన ఎదురుగానే అంది. "నాలాటోళ్లకి బేగి తెలవాలని ఇత్తన్నాను బాబూ. మద్దిలో నన్ను తీసేత్తే ఊరుకోను, ముందే సెప్తన్నాను."

సార్ నవ్వారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం తక్కువైందని ఆ రోజే ఆయనా చొక్కా చెయ్యి మడిచి ఇచ్చారు. ల్యాబుల్లో ఇది మామూలే.

ఆ వేసవి దాటకుండానే పెద్దమ్మ పోయింది.

లెక్కలు కట్టాక చూస్తే ఆవిడ గీత మిగతా రోగుల్లా లేదు. వాళ్లకి నీలం ఉన్నచోట ఈవిడకి ఎరుపు. శాంపిల్‌లో ఏ లోపమూ లేదు, ఆవిడ జబ్బే వేరే తీరు. సార్‌కి మాత్రం పరిశోధన పేపర్ అందంగా రావాలి. "ఒక్కావిడ కోసం అంతా పాడుచేసుకుంటామా? తీసెయ్యమ్మా," అన్నారు. నేను ఇంతెత్తున లేచాను. విస్తరి ముందు కూర్చోబెట్టి లేపేయడం కాదా ఇది? సార్ వినలేదు. తనే తీసేసి ఫైలు పంపారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం లెక్క మళ్లీ నడిపాను. బయట వాన. గదిలో ఎక్కడినుంచో జీడిగింజలు కాల్చిన పొగ వాసన. జీడి కాల్చే రోజులు కావవి. కిటికీ వేసొచ్చి తెర చూశాను. ఆరోగ్యవంతుల వరసలో సార్ గీత మారిపోయింది. అచ్చం పెద్దమ్మ గీత.

ఫైళ్లు కలిసిపోయాయనుకున్నాను. దానికో పరీక్ష ఉంది. ఆడవాళ్లలోనే జోరుగా పనిచేసే జీన్ ఒకటుంటుంది. పెద్దమ్మ ఫైలే అయితే అది ఎర్రగా కనబడాలి. కనబడలేదు. ఆ రక్తం మగవాడిదే.

సార్‌కి ఫోన్ చేసి స్కాన్ తీయించుకోమన్నాను. "ఏంటి, మీ పెద్దమ్మ నన్ను పట్టిందా?" అని వెక్కిరించారు. వెక్కిరించాక గుట్టుగా వెళ్లి తీయించుకున్నారు. గడ్డ ఉంది. పెద్దమ్మకి వచ్చిన వైపే.

ఆ సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. "ఆవిడ శాంపిల్ మళ్లీ పెట్టమ్మా, నీకు పుణ్యముంటుంది." పెట్టాను. తెర మీద సార్ గీత ఎప్పటిలా మామూలైపోయింది. ఆ ఆశతో ఇంకోచోట స్కాన్ తీయించుకున్నారు. గడ్డ ఎక్కడికీ పోలేదు. ఆపరేషన్ చేసి కిడ్నీ తీసేశారు.

అబద్ధమెందుకు, నాకు జాలి వేయలేదు. బాగా అయింది అనుకున్నాను. ఆయనకి బేగి తెలిసింది, బతికాడు. మా పెద్దమ్మకి తెలియలేదు. ఆ మంట నాకింకా చల్లారలేదు. పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్యకి చెప్తే ఆశ్చర్యపోనే లేదు. "అమ్మ అంత తేలిగ్గా వదిలేత్తాదేటి?" అన్నాడు.

ఒక శాంపిల్ తీస్తే మిగతావాళ్ల అంకెలు కాస్త అటూఇటూ కదులుతాయి, నిజమే. నీలం ఎరుపైపోదు. పైగా సార్ రక్తాన్ని మెషీన్ కొలిచింది పెద్దమ్మని తీసేయకముందు. తెలిసినవాళ్లందర్నీ అడిగాను. అది ఎలా మారిందో, మళ్లీ ఎలా మామూలైందో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు.

మొన్న మా పేపర్ పరిశీలించినవాళ్లు ఆ ఒక్క శాంపిల్ తీసేస్తే అచ్చుకి తీసుకుంటామని రాశారు. ల్యాబ్‌కి వెళ్లి నేను చదివి వినిపిస్తుంటే సార్ చెయ్యి పక్కటెముకల కిందికి, కుట్లున్న చోటికి పోయింది.

"పేపర్ రాకపోతే పోనీ," అన్నారు. "ఆవిడ్ని కదపకు."