తాడు చేతులు మారాలి

మా అబ్బాయి పోయాడండి. ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు అందుకుని, "పంచదార ఎక్కువేసినట్టున్నావమ్మా" అన్నాడు. వెయ్యలేదురా అని నేననేలోపే గోడకి జారగిలబడ్డాడు. ఆటోలో అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్తే గుండె ఆగిపోయిందన్నారు. నలభై నాలుగేళ్ళు. ఆ పంచదార మాటకి వాడికింకా మనసులో జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను.

మీలో చాలామందికి వాడు లేఖరిగారు. అవనిగడ్డ రిజిస్ట్రారాఫీసు ఎదుట రేకుల పంచలో బల్ల వేసుకుని ఇరవై ఏళ్ళపాటు మీ దస్తావేజులు రాశాడు. నాది ఐదో క్లాసు చదువు. అదీ మర్చిపోతే, వాడు పెద్దయ్యాక నాకు మళ్ళీ రాయడం నేర్పాడు. ఈ రాతలో తప్పులుంటే ఆ గురువునే అనుకోండి, నన్ను తిట్టకండి.

కాగితం లేనిదే వాడు దేన్నీ నమ్మేవాడు కాదు. తోట్లవల్లూరు పెళ్ళిచూపులకి తీసుకెళ్తే పిల్లని చూడకుండా పైకప్పు చూసి, "ఈ ఇల్లు మీకెలా వచ్చిందండీ?" అని పిల్ల తండ్రిని అడిగాడు. మా నాన్న ఇచ్చాడన్నారాయన. "ఆయనకెవరిచ్చారు? దానికి కాగితముందా?" అన్నాడు. ఇలా ముత్తాత దాకా వెళ్ళేసరికి కాఫీలు చల్లారిపోయాయి, పిల్ల లేచి లోపలికెళ్ళిపోయింది. ఆ సంబంధం అక్కడితో సరి. ఆ తండ్రి మాత్రం నెల తిరక్కుండా మా వాడి బల్ల దగ్గరికొచ్చి ఇంటి కాగితాలన్నీ సరిచేయించుకున్నాడు. పిల్లకి వేరేచోట పెళ్ళయింది. మా వాడు అలాగే ఉండిపోయాడు.

వాడికి ఒళ్ళుమండే మాట ఒకటుంది. పసుపు కుంకుమ కింద ఇచ్చాం అనడం. మనవైపు ఆడపిల్లకి పెళ్ళిపందిట్లో పదిమంది ముందు అరెకరమో, పాతిక సెంట్లో ఇచ్చామంటారు. రాసేవాడుండడు. మా నాన్న కూడా గుడివాడ దగ్గర అరెకరం నాకలాగే ఇచ్చాడు. నాన్న ఉన్నన్నాళ్ళూ దాని తాలూకు ధాన్యం బండి మీద వచ్చేది. నాన్న పోయాక తమ్ముడి హయాంలో బండి కాస్తా బుట్ట అయింది. ఇప్పుడు బుట్ట కూడా లేదు. "ఇస్తానంటే ఇచ్చినట్టు కాదమ్మా. తాడు చేతులు మారాలి" అనేవాడు మా వాడు.

ఆ తాడు మాట నా మీద వేసిందే. మూడేళ్ళ కిందట మా పెయ్యదూడని నాట్ల మేస్త్రికి ఇచ్చాను. మేస్త్రంటే ఆడమనిషే, పదిమంది ఆడవాళ్ళని కూడగట్టుకుని మా పొలాల్లో నాట్లు వేయిస్తుంది. నా పురుడప్పుడు వాళ్ళమ్మ చేసిన సాయానికి ఇచ్చాను. చిన్నది కదా, కొన్నాళ్ళు మా గుంజకే ఉండనీ అన్నాను. అది పెరిగింది, ఈనింది. పాలు నేనే పితికేదాన్ని. మేస్త్రి వస్తే చెంబెడు మజ్జిగిచ్చేదాన్ని. "నీ గేదె మజ్జిగే, తాగు" అనేదాన్ని కూడా. మా వాడు పడీపడీ నవ్వేవాడు.

ఒకరోజు ఆ మేస్త్రి ఏదో కాగితం పనికి వాడి దగ్గరికొచ్చిందట. ఎంత చెప్పినా కూర్చోదట. తడిచీరతో బెంచీ ఎలా ఎక్కనని మొహమాటం.

"చీర మార్చుకుని రాకపోయావా?"

"ఎక్కడ మార్చుకోను బాబూ, గట్టుమీదా? మాకు ఒంటేలుకెళ్ళడానికే మరుగు లేదు. పొద్దుగూకేదాకా బిగబట్టుకుంటాం."

ఆ రాత్రి వాడు అన్నం కెలికి వదిలేశాడు. రోడ్డు పక్కన వాడు కొనుక్కున్న ఎనిమిది సెంట్లున్నాయి. అందులో వాళ్ళకో రేకుల గది, మరుగుదొడ్డి, కుళాయి పెట్టించాలని పట్టుకున్నాడు. ఒక్కరి పేర రాస్తే రేపు వాళ్ళ పిల్లలు కొట్టుకుంటారని, ముందు ఆ ఆడవాళ్ళ చేత ట్రస్టు పెట్టించాడు. ట్రస్టంటే ఏంటని వాళ్ళడిగితే, "అందరి కోసం మోసే గంప. మోసేవాళ్ళు అందులోది తినకూడదు" అన్నాడు. "ఒక్కటి కూడానా బాబూ?" అంది మేస్త్రి.

గురువారం సాయంత్రం ఆ ట్రస్టు పేర దానపత్రం రాశాడు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి మేస్త్రి చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని వక్కాకు సంచిలో దోపుకుంది. ఇక రిజిస్టరు చేయించడమే మిగిలింది. శుక్రవారం వెళ్దామన్నాడు.

అమావాస్యరా, వద్దన్నాను.

"సంతకం నిన్నే పెట్టేశానమ్మా. అమావాస్యకి ఏం తెలుస్తుంది?"

అయినా వద్దన్నాను. శనివారం పాడ్యమి, అదీ వద్దన్నాను. "ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పగలను గానీ నీకు చెప్పలేనమ్మా. సోమవారం వెళ్తాలే" అన్నాడు. మధ్యలో ఆదివారం వచ్చింది.

పెద్దకర్మ రోజున మేస్త్రి వచ్చింది. సంచిలోంచి కాగితం తీసి నా ముందు పెట్టింది. "బాబే లేడు. ఇది మీ దగ్గరే ఉంచండి పెద్దమ్మా" అంది. గుడివాడ నుంచి వచ్చిన మా తమ్ముడు గారె నములుతూనే అందుకున్నాడు. "రిజిస్టరు కాని కాగితం చిత్తుకాగితమే అక్కా. పెళ్ళాం పిల్లల్లేరు, వాడిదంతా నీదే. రోడ్డు పక్క జాగా."

నిజం చెప్పాలి. మా ఆయన పోయి ఏళ్ళయింది, ఒంటిదాన్ని. నాలో ఆశ పుట్టలేదంటే అబద్ధం. ఆ జాగా కావాలని చేపల చెరువులవాళ్ళు అప్పటికే రెండుసార్లు కబురు పెట్టారు.

పక్కబల్ల లేఖరిగారు కూడా భోజనానికి వచ్చారు. ఇరవై ఏళ్ళూ మా వాడితో పోట్లాడిన మనిషి. మా వాడు రాసిందాంట్లో తప్పు పట్టందే ఆయనకి మధ్యాహ్నం నిద్రపట్టేది కాదట. కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం రెండుసార్లు చదివారు. తప్పు దొరకలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది చిత్తుకాగితం కాదండీ. బతికుండగానే రాశాడు, సంతకం పెట్టాడు, సాక్షులున్నారు, ఈవిడ పుచ్చుకుంది. ముప్పాతిక పనైంది. మిగిలిన పావు మీ చేతిలో ఉంది. నాలుగు నెలల్లోపు ఆఫీసుకొచ్చి, ఇది మా అబ్బాయి సంతకమేనని ఒప్పుకోవాలి."

"ఒప్పుకోకపోతేనో?" అన్నాడు తమ్ముడు.

"అప్పుడు తగువవుద్ది. వీళ్ళు నాట్లే వేస్తారా, వాయిదాలకే తిరుగుతారా?"

"అంతే కదక్కా! నువ్వు వెళ్ళకుండా ఊరుకుంటే చాలు."

"పందిట్లో నాన్న నాకిచ్చిన అరెకరం గుర్తుందిరా?"

"అది నోటిమాట కదే. కాగితమేదీ?"

"ఇదిగో కాగితం. ఇదీ చెల్లదంటున్నావు. నీకు నోరూ చెల్లదు, కాగితమూ చెల్లదు. ఏది చెల్లుతుందో నువ్వే చెప్పరా, అదే చేద్దాం."

వాడు వడ్డించేవాణ్ణి పిలిచి ఇంకో రెండు గారెలు వేయించుకున్నాడు.

చావు కాగితం, వారసుల కాగితం చేతికొచ్చేసరికి మూడువారాలు పట్టింది. నేను బయల్దేరిన పొద్దున అష్టమి అని గోడమీద క్యాలెండరు చెబుతోంది. దాన్ని గోడవైపు తిప్పేసి వెళ్ళాను.

రిజిస్ట్రారమ్మ చిన్నపిల్ల. కాగితం నా ముందు పెట్టి, "ఇది మీ అబ్బాయి సంతకమేనా?" అంది.

"చివర ఆ గీత చూడమ్మా, తోకలాగా. పలకమీద నుంచీ వాడికదే అలవాటు. ఎంత కొట్టినా..."

"అవునో కాదో చెప్పండి చాలు."

"అవునమ్మా."

"ఇష్టంతోనే పెట్టారా?"

"ఇష్టంతోనే పెట్టాడు. ఆపింది నేను."

అది రాసుకోలేదనుకుంటాను.

వేలిముద్ర దగ్గర చిక్కొచ్చింది. అంట్లు తోమీ, పిడకలు చేసీ నా వేళ్ళమీద గీతలన్నీ అరిగిపోయాయి. మిషను నన్ను మనిషిగా ఒప్పుకోనంటుంది. నాలుగుసార్లు పెట్టాను. నాతో వచ్చిన మేస్త్రి వెనక నుంచి అంది, "వేలు తలకి రాసుకోండి పెద్దమ్మా. బాబు మా అందరికీ అదే చెప్పేవాడుగా." తలనూనె అంటితే ముద్ర పడుతుందట. వచ్చిన ప్రతి ముసలమ్మకీ వాడు చెప్పేవాడట, నాకు తెలియదు. పాపిట పక్కన రాసుకుని పెట్టాను. పడింది.

ఇంటికొచ్చి చీరైనా మార్చుకోకుండా గుంజ దగ్గరికెళ్ళి తాడు విప్పాను. దూడతో సహా తెచ్చి ఆ తాడు మేస్త్రి చేతిలో పెట్టాను.

"ఇదేంటి పెద్దమ్మా?"

"నీ గేదె."

"మూడేళ్ళ కిందటే ఇచ్చారుగా!"

"ఇప్పుడిచ్చాను, పట్టుకో."

ఎనిమిది సెంట్లలో రేకుల గది లేచింది. తలుపుకి లోపల గడియ ఉంది. నాట్లు మొదలయ్యాయి. మధ్యాహ్నం అటు వెళ్తే పొడిచీరలు కట్టుకున్న ఆడవాళ్ళు గడపమీద కూర్చుని అన్నం తింటూ కనిపిస్తారు. దండెం మీద బురదచీరలు ఆరుతుంటాయి.

గేదెకి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. సాయంత్రమయ్యేసరికి తాడు ఈడ్చుకుంటూ వచ్చి మా గుమ్మం ముందు నిలబడుతుంది. మా వాడి స్కూటరు వచ్చే వేళ కూడా అదే. మేస్త్రి వెనకాలే ఆయాసపడుతూ వస్తుంది. వచ్చాక వెంటనే తాడు పట్టుకోదు, కాసేపు అరుగుమీద కూర్చుంటుంది. ఆ కాసేపూ నేనూ గేదే అవనిగడ్డ రోడ్డు వైపు చూస్తూ నిలబడతాం.