ఎడమ చుట్టు బుట్ట

కొల్లేటి నీళ్లు వానాకాలంలో మా దొడ్డి చివరిదాకా వచ్చేవి. నీరు తీశాక ఆ పల్లంలో తుంగ మొలిచేది. గట్టు మీద రెండు తాటిచెట్లు, కంచె వెంట అమ్మ చల్లిన గోగు. పంతొమ్మిదివందల ముప్పైల నాటి మాట. మాకు బుట్ట కావాలంటే సంతకు వెళ్లే పని లేదు. ఆరబెట్టిన తుంగను గుప్పెడు గుప్పెడుగా పేర్చి, తడిపిన తాటాకు చీలికలతో బిగించి, చుట్టు మీద చుట్టు వేస్తూ పోతే బుట్ట లేచేది. గోగుకాడలు బోదె కాలవలో నానేసి, ఆ నారతో పిడి పేనేది అమ్మ. నానిన గోగు కంపు ఊరందరికీ కంపే. నాకు మాత్రం ఇప్పటికీ ఆ వాసన తగిలితే కాళ్లు కదలవు.

అమ్మది ఎడమచేతి వాటం. అందరి బుట్టల్లో చుట్లు కుడికి తిరిగితే, అమ్మవి ఎడమకి తిరిగేవి. నాయనమ్మకి అది కంటగింపు. "నీలాగే నీ బుట్ట కూడా ఎడ్డెమంటే తెడ్డెమంటుందే!" అనేది.

"పప్పులు ఒలికిపోవడం లేదు కదండీ అత్తయ్యగారూ" అని అమ్మ నవ్వేసేది.

నాకు నేర్పేటప్పుడు మాత్రం పక్కన కూర్చుంటానంటే ససేమిరా ఒప్పుకునేది కాదు. "ఎదురుగా కూర్చో. నా చేతులు చూసి అచ్చం అలాగే చెయ్యి" అనేది.

నన్ను ఏలూరు బోర్డింగు స్కూల్లో వేద్దామనుకున్నప్పుడు, బట్టలు పెట్టుకోవడానికి నాకోసం మూత బుట్ట అల్లింది. అది పూర్తయ్యేసరికి చలిజ్వరంతో మంచం ఎక్కింది. ఆ ఆదివారమే చర్చిలో కోత పండుగ. తొలి పంట తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడితే, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. అమ్మ ఏటా పాత గంపలో తీసుకెళ్లి, సరుకు చాప మీద పోసి, గంప ఇంటికి తెచ్చేసేది. నాన్నకి ఆ సంగతి పట్టలేదు. దేవుడికి మంచిదే పెట్టాలని, గుమ్మడికాయ, వంకాయలు, కొత్త బియ్యం నా బుట్టలో సర్ది, బుట్టతో సహా బల్ల ముందు పెట్టేశారు. అక్కడ పెట్టింది వెనక్కి తీయకూడదు. తాడేపల్లిగూడెం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ వేలంలో పాడుకుని, బుట్ట చంకనపెట్టుకుని భీమడోలులో రైలెక్కింది.

నేను నేల మీద దొర్లి ఏడ్చాను. నాన్న మొహం చెల్లక గుమ్మంలోనే నిలబడిపోయారు. "పోనివ్వండి. మళ్లీ తుంగ మొలవగానే ఇంకోటి అల్లుతాను" అంది అమ్మ మంచం మీంచే.

మళ్లీ వానలు మొదలవగానే జ్వరం తిరగబెట్టి అమ్మ పోయింది. నీరు తీశాక తుంగ ఎప్పటికంటే ఏపుగా మొలిచింది. నాకు దాని మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

ఇంట్లోని పాత గంపలు ధాన్యం మోసి మోసి అరిగి, ఒక్కొక్కటే పొయ్యిలోకి పోయాయి. నేను రేకుపెట్టెతో ఏలూరు వెళ్లాను. రైల్లో ఎవరి ఒళ్లో బుట్ట కనిపించినా చుట్లు ఎటు తిరిగాయోనని మెడ చాచేదాన్ని. నాన్నని వేధించి తాడేపల్లిగూడెం సంతకి కూడా వెళ్లాను. "కొంటారా, ఊరికే తిప్పి చూస్తారా అండీ?" అని గంపలావిడ విసుక్కుంది. అన్నీ కుడి చుట్లే.

ఓ సెలవుల్లో నేనే తుంగ కోసి అల్లడం మొదలుపెట్టాను. సగమయ్యాక చూస్తే నాదీ కుడి చుట్టే. విప్పి ఎడమకి తిప్పబోతే చేతులు మాట వినలేదు. అమ్మ నేర్పిన పనిలో కూడా అమ్మ లేకపోతే ఇంకెక్కడ వెతుక్కోవాలి? ఉక్రోషంతో విసిరేశాను.

నాన్న దాన్ని తీసి దుమ్ము దులిపారు. "పక్కన కూర్చుంటే నీకూ ఎడమ వాటమే వస్తుందని మీ అమ్మ భయపడేదమ్మా. 'నేను పడ్డ మాటలు పిల్ల పడకూడదండీ, ఎదురుగా కూర్చుంటే దానికి కుడి వస్తుంది' అనేది."

ఆ బుట్ట పూర్తిచేసి, గోడకున్న అద్దం ముందు పట్టుకున్నాను. అద్దంలో చుట్లు ఎడమకి తిరిగాయి. ఎదురుగా, అప్పట్లో మేమిద్దరం కూర్చునేంత దూరంలో, అమ్మ బుట్ట. అందుకోబోతే చేతికి అద్దం తగిలింది.