దాలయ్య కొట్లో క్రియాపదాలు

దీవిలోని బతు బస్తీలో కిరాణా కొట్టు దాలయ్యకి కిందటేడు ఎక్కడి నుంచి దిగిందో గానీ, ఒక పిచ్చి పట్టుకుంది. ఎవరి నోట క్రియాపదం జారినా, దానికి పుస్తకంలో ఉండే రూపమేమిటో వాళ్ల చేతే చెప్పించాలి. అంతదాకా తక్కెడ ముట్టుకోడు.

"తాతా, కిలో ఉల్లిపాయలు జల్దీ ఇయ్యి. హాడో రేవుకి ఎల్తన్నాను, షిప్పొచ్చేసింది" అనేవాడు చక్రి.

"ఎల్తన్నావా? పుస్తకంలో ఎలాగుంటాది?"

"అరే, నాకేటి తెలుసు!"

"అయితే కనుక్కోని రా."

చివరికి చక్రి "వెళ్తున్నాను, వెళ్తున్నాను, వెళ్తున్నాను!" అని బస్తీ అదిరేలా అరిచి, సంచి లాక్కుని పరుగెత్తేవాడు. దాలయ్య తాపీగా ఓ అట్టముక్క మీద ఆ రెండు మాటలూ పక్కపక్కన గుమ్మడికాయలంత అక్షరాలతో రాసి గోడకి తగిలించేవాడు.

చేపల గురువమ్మ ఒక్కతే ఆయనకి కొరకరాని కొయ్య.

"దాలయ్యా, ‘తంతాను’ అనేదానికి పుస్తకంలో ఏటున్నాది?"

దాలయ్య గోడ మీది అట్టముక్కలన్నీ ఓసారి చూసుకున్నాడు. "అదీ తంతానే."

"అయితే మల్లీ సెప్పక్కర్లేదు. బియ్యం తుయ్యి."

ఆ రోజు బియ్యం కాస్త మొగ్గు తూగాయి కూడాను.

కొట్లోనే, సరిగ్గా ఆ గోడకి ఎదురుగా, ఫోన్లు రీఛార్జ్ చేసే అమ్మాయి వాసవి బల్ల. ఈ గోలకి ఆమె బుర్ర వాచిపోయేది. అసలే ఆమె బాధ ఆమెది. రేడియోలో తెలుగు కార్యక్రమం చెప్పాలని చిన్నప్పటి నుంచీ ఆశ. కిందటేడు ఆడిషన్‌లో "ఇప్పుడు పాట ఇనిపిత్తాను" అనగానే గదిలో అందరూ గొల్లున నవ్వారు. తిరిగొచ్చి ఈ బల్ల మీదే తల వాల్చి ఏడ్చింది. ఈ ఏడు కూడా పోయిందంటే వయసు దాటిపోతుంది, ఇక పిలవరు.

రెండోసారి మైకు ముందు కూర్చుంది. నోరు తెరిస్తే, "ఇప్పుడు మీకో పాట వినిపిస్తాను" అని దానంతటదే వచ్చేసింది! ఉద్యోగమూ వచ్చేసింది.

వాసవి స్వీట్ల డబ్బాతో కొట్లోకి ఎగురుకుంటూ వచ్చింది. "ఎవరు నేర్పారని అడిగారు మామ్మా. ఎవరూ లేరని చెప్పాను!"

దాలయ్య భార్య కనకలక్ష్మి పడీపడీ నవ్వింది. "ఓలమ్మా! ఎవరూ నేర్పనేదా? ఆ రోజు నువ్వేడుత్తుంటే ఈయన సూసినాడు. కూకోబెట్టి నేర్పితే పిల్ల సిన్నబోతాదని, బస్తీ అంతటినీ అడిగినాడు, నీ సెవిన పడాలని. ఏడాది పొడుగునా నీ కోసం తిట్లు తిన్నాడే!"

వాసవి డబ్బా తెరిచింది. ఒక లడ్డూ మొత్తం దాలయ్య నోట్లో కుక్కేసింది. "నా పనైపోయింది కదా తాతయ్యా! పాపం, ఇంక జనాన్ని వదిలెయ్యి."

"వదిలేత్తే ఎలాగ?" దాలయ్య లడ్డూ మింగి, వీధిలోంచి వస్తున్న టైలరు లోహిత్‌ని కళ్లతోనే చూపించాడు. "పై నెల ఆడికి విశాఖపట్నంలో పెళ్లిచూపులు. నోరిప్పితే సగం హిందీయే!"

లోహిత్ లోపలికొచ్చి సబ్బు అడిగాడు.

వాసవి తన కుర్చీ అతని వైపు జరిపింది. "కూర్చోండి భయ్యా. మీ సబ్బు ఇప్పట్లో రాదు."