తుమీరా ఒడి స్నానం

సోలో పట్టణంలోని బాతిక్ అద్దకాల సందులో ముప్పై ఏళ్ళుగా ఏ ఆడమనిషి కన్నుమూసినా ఆఖరి స్నానం తుమీరా చేతుల మీదే జరిగింది. తాను నీళ్ళు పోసినవాళ్ళలో ఒక్కరూ వంక పెట్టలేదని గొప్పలు పోయేది. ఒక బట్టల వ్యాపారి భార్య మాత్రం, నీళ్ళు చల్లగా ఉన్నాయని ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుందని ఒట్టేసి చెప్పేది.

ఇప్పుడు రొమ్ములో పుట్టిన కేన్సరు వెన్నుకు పాకి తానే మంచాన పడింది. ఇక నొప్పి తెలియకుండా చూసుకోవడమేనని ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. కూతురు వర్సినీ తడిగుడ్డతో తుడవబోతే చెయ్యి విదిలించేస్తోంది. ఒంటి మీద నీళ్ళు పడక ఇవాళ్టికి తొమ్మిదో రోజు. పుండు వాసన తనకే తెలుస్తోంది. చూడవచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకోవడమూ తెలుస్తోంది. నొప్పికన్నా ఆ కుర్చీలే ఆమెను ఎక్కువ అలసిపోయేలా చేస్తున్నాయి.

“బల్ల తుడిచినట్టు తుడుస్తావేమిటే? నీళ్ళు పొయ్యి.”

“కదిపితే ఎముక విరుగుతుందన్నారమ్మా. విరిగితే నన్నే అంటారు.”

“ఎవరు?”

“అందరూ. ముందు అన్నయ్యే.”

తుమీరా కళ్ళు మూసుకుంది. వాదించడానికీ ఓపిక కావాలి. నిన్న తెర అవతల కూతురూ కోడలు రస్మీ గుసగుసలాడుకున్నది ఆమె విన్నది. అమ్మ పోయాక బల్ల మీద స్నానం వద్దు, మనమే పక్కపక్కన కూర్చుని ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పోయిద్దాం అని. కన్నవాళ్ళ మీద ప్రేమున్న పిల్లలు ఆ సందులో చేసే పనే అది. ఏళ్ళ తరబడి గడప తొక్కని కొడుకులనూ కూతుళ్ళనూ అలా కూర్చోబెట్టి, మోకాళ్ళు ఎలా పెట్టాలో నేర్పింది తానే.

“ఒళ్ళో పెట్టుకుంటారట గదా? ఆ పనేదో ఇప్పుడే చెయ్యండి.”

వర్సినీ మొహం పాలిపోయింది. “విన్నావా?”

“పుండు చెవిలో లేదు గదా. పోయాక నీళ్ళ వెచ్చదనం నాకేం తెలుస్తుంది?”

“ఆ వ్యాపారి భార్యకి తెలిసిందన్నావు?”

“ఆవిడ డబ్బున్న మనిషి.”

నవ్వబోయి వర్సినీ ఏడ్చేసింది. “పోయినవాళ్ళకి చేసేదమ్మా అది. అపశకునం.”

“నేను బతుకుతానని ఏ శకునం చెప్పిందే?”

వర్సినీ నర్సుకు ఫోను చేసింది. అరగంట ముందు నొప్పి మందు పట్టమని, నడుము వంగకుండా దుప్పటితో ఎత్తమని నర్సు చెప్పింది. ఎముక విరిగే ప్రమాదం ఉందనీ చెప్పింది. “ఆ సంగతి ఆవిడకు తెలుసా?” అని అడిగింది. “నాకంటే బాగా తెలుసు” అంది వర్సినీ. “అయితే ఆవిడ ఇష్టం” అంది నర్సు.

కొడుకు వేణ్ణీళ్ళు తెచ్చి పెరట్లో పెట్టి, ముఖం తిప్పుకుని వెళ్ళాడు. వర్సినీ, రస్మీ దుప్పటితో ఎత్తేటప్పుడు తుమీరా కేక పెట్టింది. వర్సినీ ఆగిపోయింది.

“ఆగితే మళ్ళీ మొదటినుంచి నొప్పి. కానీ!”

పక్కపక్కన కూర్చున్న ఇద్దరి ఒళ్ళ మీద పడుకుంది. వర్సినీ పోసిన మొదటి చెంబు నీళ్ళు భుజం మీంచి జారాయి. ఒంట్లో ఎక్కడెక్కడో బిగిసినవి వదులయ్యాయి. వర్సినీ పుండు చుట్టూ మెల్లగా కడుగుతోంది. తుమీరా కూతురి మొహం వైపే చూసింది. ముక్కు చిట్లిస్తుందేమోనని చూసింది. చిట్లించలేదు.

“ముందు కుడివైపే. నీకు పని రాదు.”

“నేర్పించు మరి.”

నేర్పే ఓపిక లేదు. కళ్ళు మూసుకుంది.

“కాళ్ళు తిమ్మిరెక్కాయి వర్సినీ” అంది రస్మీ గొంతు తగ్గించి.

తుమీరాకు వినబడింది. లేపమని మాత్రం అనలేదు.